ఫ్రెండ్‌షిప్‌లో ఓడ ఎక్కడిది? ఇంగ్లీషు మాటల తోకల మీద చర్చ

ట్యూషన్ మాస్టారు (ఒంగోలు)

పోటీ పరీక్షలకు తయారయ్యే పిల్లలకు ఇంగ్లీషు చెబుతుంటాను. ప్రత్యయాల పాఠం వచ్చిందంటే నాకు తలనొప్పి మొదలవుతుంది. బజారులో దొరికే గైడ్లన్నిటిలో ఒకటే పట్టిక: హుడ్ అంటే స్థితి, షిప్ అంటే స్థితి, డమ్ అంటే స్థితి, నెస్ అంటే స్థితి. అన్నీ స్థితే అయితే నాలుగు ఎందుకు? ఫ్రెండ్‌హుడ్ అనీ చైల్డ్‌షిప్ అనీ ఎందుకు అనకూడదు? మొన్న ఒక అమ్మాయి లేచి ‘ఫ్రెండ్‌షిప్‌లో ఓడ ఎక్కడిది సార్?’ అని అడిగింది. తక్కిన పిల్లలు నవ్వారు గానీ ఆ ప్రశ్నకు గైడులో జవాబు లేదు. ఈ తోకలు ఎక్కడి నుంచి వచ్చాయో తెలిసినవారు చెప్పండి. పట్టికలు మాత్రం పెట్టవద్దు, నా దగ్గర బస్తాడు ఉన్నాయి.

పెన్నా గట్టు (నెల్లూరు)

మాస్టారూ, ఆ అమ్మాయిని నేను మెచ్చుకున్నానని చెప్పండి. ముప్పై ఏళ్లు కాలేజీలో పాఠం చెప్పి రిటైరైన దాన్ని, ఇలాంటి ప్రశ్న వేసే పిల్ల అరుదుగా దొరికేది.

ఓడ షిప్ వేరు, ఫ్రెండ్‌షిప్‌లోని షిప్ వేరు. వెయ్యేళ్ల నాటి ఇంగ్లీషులో ఈ ప్రత్యయం చివర మరో అచ్చు ఉండేది, ‘షిపె’ అనేవారు. దానికి చుట్టం షేప్ అనే మాట: రూపం ఇవ్వడం, తీర్చిదిద్దడం. స్నేహితులుగా ఉండే తీరు ఫ్రెండ్‌షిప్. చివరి అచ్చు అరిగిపోయాక ఓడా ఇదీ ఒకేలా వినిపిస్తున్నాయి, అంతే.

హుడ్ కూడా తలకు కప్పుకునే ముసుగు కాదు. పాత ఇంగ్లీషులో ‘హాడ్’ అని విడిగా ఒక మాట ఉండేది. మనిషి స్థానం, అంతస్తు, స్వభావం అని అర్థం. విడిగా వాడడం మానేశాక చైల్డ్‌హుడ్, మదర్‌హుడ్ వంటి మాటల చివర మాత్రం బతికిపోయింది. డమ్ కథ ఇంకా బాగుంటుంది. అది ‘డోమ్’, అంటే తీర్పు, శాసనం. కింగ్‌డమ్ అంటే మొదట రాజరికం, తర్వాత రాజు ఏలే నేల. అదే డోమ్ విడి మాటగా ఉన్నచోట డూమ్ అయి, తుది తీర్పు మీదుగా వినాశం దాకా వెళ్లింది. ఒకే తల్లి బిడ్డలే అయినా విజ్‌డమ్‌లో ఉన్నది పెద్దమనిషి, డూమ్ అయినది యమధర్మరాజు.

నాలుగు ఎందుకు అన్నారు. అవి పుట్టుకలోనే వేర్వేరు కాబట్టి. ఎవరి వాసన వారిది. హుడ్‌లో మనిషి ఉన్న దశ, షిప్‌లో ఒకరికొకరు అయ్యే వరుస, డమ్‌లో ఏలుబడి. ప్రతిచోటా ఈ గీత ఇంత నిక్కచ్చిగా ఉండదు గానీ, గైడులోని ‘స్థితి’ కంటే పనికొస్తుంది. నెస్ మాత్రం విడి మాటగా ఉన్న దాఖలా లేదు, అది పుట్టుకతోనే ప్రత్యయం.

ఉదయగిరి కోట

ఓడ గొడవ చదువుతుంటే మా ఊరి పేరు గుర్తొచ్చింది. ఉదయగిరి, వెంకటగిరి, కనిగిరి, కలిగిరి. మన చుట్టూ ఉన్నవన్నీ గిరులే. మరి దాదాగిరి, గూండాగిరిలో కొండ ఎక్కడ ఉంది? మేడమ్ లెక్కన అది కూడా వేరే పుట్టుకే అయి ఉండాలి.

పెన్నా గట్టు (నెల్లూరు)

సరిగ్గా పట్టుకున్నారు. ఉదయగిరిలోది సంస్కృతం గిరి, కొండ. దాదాగిరిలోది పారసీ నుంచి ఉర్దూ మీదుగా వచ్చిన ప్రత్యయం. చెవికి ఒక్కటే, ఇంటిపేర్లు వేరు.

మెరిట్ లిస్ట్ (కనిగిరి)

పెద్దలకు నమస్కారం. కథలు బాగున్నాయి. కానీ పరీక్షలో ప్రత్యయాల మీద వచ్చేది ఒక మార్కు ప్రశ్న, మహా అయితే రెండు. దానికోసం వెయ్యేళ్ల వెనక్కి వెళ్లాలా? ఈ మాట నామవాచకమా, విశేషణమా అని తేల్చుకుంటే చాలు. నెస్ కనిపిస్తే నామవాచకం, ఫుల్ కనిపిస్తే విశేషణం, లీ కనిపిస్తే క్రియా విశేషణం. పట్టిక నాకు రెండు నిమిషాల పని. మాస్టారు గారు పిల్లల సమయం వృథా చేస్తున్నారేమో అనిపిస్తోంది, ఏమీ అనుకోవద్దు.

బిట్రగుంట జంక్షన్

తమ్ముడూ, లీ కనిపిస్తే క్రియా విశేషణమా? ఫ్రెండ్లీ, లవ్లీ, కాస్ట్‌లీ మూడూ విశేషణాలే. ఇక ఫ్యామిలీ సంగతి ఏమిటి? దాని చివరా లీ ఉంది. ఫ్యామీ అనే మాటకు లీ తగిలించారా? నీ రెండు నిమిషాల పట్టికను పరీక్ష పెట్టేవాడు కూడా చదివే ఉంటాడు. నీ కోసం ఫ్యామిలీ లాంటి మాటనే ఏరి పెడతాడు.

పెన్నా గట్టు (నెల్లూరు)

ఆ లీ ఎవరో కూడా చెప్పనివ్వండి. పాత ఇంగ్లీషులో ‘లీచ్’ అంటే శరీరం, ఆకారం. ఫ్రెండ్లీ అంటే స్నేహితుడి ఆకారం ఉన్నది, స్నేహితుడి లాంటిది. అందుకే అది ముందు విశేషణాలనే చేసింది, క్రియా విశేషణాల కొలువు తర్వాత కుదిరింది. పోలికను చెప్పే లైక్ దీనికి దగ్గరి చుట్టం. ఇంగ్లండులో పాత చర్చి ఆవరణకు కప్పు ఉన్న ద్వారం ఒకటి ఉంటుంది, దాన్ని లిచ్‌గేట్ అంటారు. శవపేటికను తెచ్చినవాళ్లు పాదిరీ వచ్చేదాకా దాని కింద ఆగేవారు. ఆ లిచ్ ఈ లీచే, శరీరం. ఫ్యామిలీకి దీనితో ఏ సంబంధమూ లేదు, అది లాటిన్ ఫమీలియా.

కనిగిరి బాబూ, పట్టిక వద్దని నేను అనను. అయితే పట్టిక చెప్పని ముక్క ఒకటి ఉంది: ఏ తోక ఏ మాటకు అతుకుతుంది, అతికాక ఆ మాటను ఏం చేస్తుంది. నెస్, ఇటీ రెండూ మీ పట్టికలో ‘స్థితి’. కానీ నెస్ ఇంగ్లీషు ఇంటి బిడ్డ. ఏ మాటకైనా పోయి అతుక్కుంటుంది. కైండ్‌నెస్‌లో ఇంటి మాటకు, నెర్వస్‌నెస్‌లో లాటిన్ మాటకు. అతుక్కున్నాక దాన్ని కదపదు. హ్యాపీ ఎలా పలుకుతామో హ్యాపీనెస్‌లోనూ అలాగే పలుకుతాం. ఇటీ లాటిన్‌లో పుట్టి ఫ్రెంచి ఇంట పెరిగి వచ్చింది, ఎక్కువగా తన వాళ్లతోనే ఉంటుంది. కైండిటీ అని ఎవరూ అనరు. పైగా చేరిన చోట ఇల్లు సర్దేస్తుంది. ఎలెక్ట్రిక్‌లో రెండో అక్షరం నొక్కి పలుకుతాం, ఎలెక్ట్రిసిటీలో మూడోది. చివర ఉన్న క కాస్తా స అయిపోతుంది. మన పిల్లలు ఇంటర్వ్యూలో ఫొటోగ్రాఫ్, ఫొటోగ్రఫీ రెండింటినీ ఒకే ఊనికతో పలికి తడబడేది ఇక్కడే. మొదటిదాంట్లో ‘ఫొ’ మీద, రెండోదాంట్లో ‘టొ’ మీద నొక్కాలి. గ్రీకు, లాటిన్ తోక కనిపిస్తే ఊనిక కదులుతుందేమో చూసుకోవాలి. ఇంగ్లీషు ఇంటి తోక అయితే నిశ్చింత. ఇది ఒక మార్కు ప్రశ్న కాదు, నోరు తెరిచిన ప్రతిసారీ పనికొచ్చేది.

తెలుగులో ఈ సూత్రం మనకు ఎవరూ నేర్పకుండానే తెలుసు. మంచితనం అంటాం, మంచిత్వం అనం. మూర్ఖత్వం, నాయకత్వం అంటాం. త్వం సంస్కృతం, తన వాళ్లనే వెతుక్కుంటుంది. తనం మన ఇంటిది, దానికి ఆ పట్టింపు లేదు. పత్రికల్లో రోజూ చూసే ‘దివాలాకోరుతనం’ తీసుకోండి. హిందీ దివాలా, పారసీ కోరు, వాటి మీద తెలుగు తనం. మూడు ఇళ్ల వాళ్లు ఒకే పంక్తిలో కూర్చున్నారు, ఎవరికీ ఇబ్బంది లేదు.

ట్యూషన్ మాస్టారు (ఒంగోలు)

మేడమ్, తనం–త్వం పోలిక రేపే బోర్డు మీదకు ఎక్కిస్తున్నాను. ‘వినియోగదారు’ కూడా అలాంటిదే కదా, సంస్కృతం వినియోగానికి పారసీ దారు.

మందుల షాపు (ట్రంకు రోడ్డు, నెల్లూరు)

నేను ఇంగ్లీషు పండితుణ్ణి కాను గానీ, పొద్దున షట్టరు ఎత్తిన దగ్గర నుంచి తోకలతోనే నా బతుకు. కంపెనీ పెట్టే పెద్ద అక్షరాల పేరు వదిలేయండి, దాని కింద చిన్న అక్షరాల్లో మందు అసలు పేరు ఉంటుంది. దాని చివర చూస్తే ఏ కుటుంబమో తెలిసిపోతుంది. అటినొలాల్, మెటోప్రొలాల్: చివర ‘ఒలాల్’ ఉంటే బీటా బ్లాకర్, గుండె వేగాన్నీ బీపీనీ తగ్గించేది. లోసార్టన్, టెల్మిసార్టన్‌లో ‘సార్టన్’, ఎనలాప్రిల్, రామిప్రిల్‌లో ‘ప్రిల్’, ఇవి రెండూ బీపీ మందులే, పని చేసే దారి వేరు. అటోర్వాస్టాటిన్‌లో ‘స్టాటిన్’ కొలెస్టరాల్‌కు. జనం గ్యాస్ మాత్ర అనేవాటిలో చాలావాటికి చివర ‘ప్రజోల్’ ఉంటుంది, అసలు పని కడుపులో ఆమ్లం తగ్గించడం. ‘గ్లిప్టిన్’ షుగరుకు.

ఇవి గ్రీకు, లాటిన్ తాతల నుంచి వచ్చినవి కావు. ప్రపంచ ఆరోగ్య సంస్థ కూర్చుని పంచిపెట్టినవి. మందులకు అన్ని దేశాల్లో ఒకే పేరు ఉండాలని 1950లో తీర్మానించి, 1953లో మొదటి జాబితా ప్రకటించింది. మేడమ్ చెప్పినట్టు అరిగి అరిగి తోక అయినవి కావు ఇవి, తోకగానే తయారై వచ్చాయి.

ఇవి ఎందుకు పనికొస్తాయో చెబుతాను. కోవూరు వైపు నుంచి ఒక పెద్దాయన రెండు చీటీలు తెచ్చారు, ఇద్దరు డాక్టర్లవి. మందుల పేర్లు చూస్తే రెండూ వేరు, మాత్రల రంగు వేరు, అట్ట వేరు. ఆయన రెండూ వేసుకుంటున్నారు, ‘పొద్దున లేస్తే కళ్లు తిరుగుతున్నాయి నాయనా’ అన్నారు. అట్టలు తిప్పి చిన్న అక్షరాలు చూస్తే రెండింట్లోనూ టెల్మిసార్టనే. రెండు అట్టల మీదా ఆ పేరు కింద పెన్నుతో గీత గీసి, రెండు చీటీలూ తీసుకుని ఈ రోజే డాక్టరుకు చూపించమని పంపాను.

అయితే ఇక్కడా ఒక ఓడ ఉంది. నిస్టాటిన్ అని ఒక మందు ఉంది, నోట్లో ఫంగస్‌కు వాడతారు. చివర స్టాటిన్ ఉంది కదా అని కొలెస్టరాల్ మందు అనుకుంటే పప్పులో కాలేసినట్టే. 1950లో న్యూయార్క్ రాష్ట్ర ఆరోగ్య శాఖ పరిశోధకులు ఇద్దరు మహిళలు దాన్ని కనుగొన్నారు. న్యూయార్క్ స్టేట్ పేరు మీద నిస్టాటిన్ అని పెట్టారు. కొలెస్టరాల్ స్టాటిన్లు ఇంకా పుట్టని రోజులు అవి.

ఉదయగిరి కోట

అన్నా, మరి జబ్బుల పేర్ల చివర ‘ఐటిస్’ ఏమిటి? మా పిన్నికి ఆర్థరైటిస్, బాబాయికి సైనసైటిస్, నాకు చిన్నప్పుడు టాన్సిలైటిస్. ఇంటినిండా ఐటిస్‌లే.

మందుల షాపు (ట్రంకు రోడ్డు, నెల్లూరు)

వాపు, మంట. అపెండిక్స్ వాస్తే అపెండిసైటిస్, దాన్ని కోసి తీసేస్తే అపెండెక్టమీ. ‘ఎక్టమీ’లో గ్రీకు ‘ఎక్’ అంటే బయటికి, ‘టమీ’ అంటే కోత. రక్తం సంగతి అయితే ‘ఈమియా’: అనీమియా, లుకీమియా. ఐటిస్ పుట్టుక మేడమ్ చెప్పాలి.

పెన్నా గట్టు (నెల్లూరు)

ఐటిస్‌కు మొదట వాపు అనే అర్థమే లేదు. గ్రీకులో అది ‘ఫలానా దానికి సంబంధించిన’ అని చెప్పే విశేషణ ప్రత్యయం, అదీ స్త్రీలింగంలో. వెనక జబ్బు అనే మాట ఉండేది, గ్రీకులో ఆ మాట స్త్రీలింగం. ఆర్థరైటిస్ అంటే ‘కీళ్లకు సంబంధించిన’, జబ్బు అని తర్వాత చెప్పేవారు. పోను పోను జబ్బు రాలిపోయింది, విశేషణమే జబ్బు అయి కూర్చుంది. మనం ‘ఆయనకు షుగరు ఉంది’ అన్నట్టే. వైద్యులు దాన్ని వాపుకే పరిమితం చేసింది ఆ తర్వాత చాలా కాలానికి.

దస్తావేజు (కందుకూరు)

ఆలస్యంగా చూశాను, రిజిస్ట్రేషన్ల రద్దీ. మా బల్ల మీద ఉండే తోక ‘ఈ’. లెస్సర్–లెస్సీ, డోనర్–డోనీ, మార్ట్‌గేజర్–మార్ట్‌గేజీ. కొత్తగా చేరిన గుమాస్తాలు ఇవి తారుమారు చేసి రాసేస్తారు, ఇల్లు అద్దెకు ఇచ్చినవాడు అద్దెకు దిగినవాడైపోతాడు. నేను వాళ్లకు చెప్పేది ఒకటే: ‘అర్’ అంటే వ్రాసి ఇచ్చినవారు, ‘ఈ’ అంటే వ్రాయించుకున్నవారు.

ఇంగ్లండు కోర్టులకు ఈ తోక ఫ్రెంచి నుంచి వచ్చింది. 1066లో నార్మండీ విలియం ఇంగ్లండును గెలిచాక దొరలు మాట్లాడింది ఫ్రెంచి, తర్వాత కోర్టుల్లో వాదించిందీ ఫ్రెంచిలోనే. ఫ్రెంచిలో ‘చేయబడిన’ అని చెప్పే రూపం చివర ‘ఎ’ వస్తుంది, అదే ఇంగ్లీషులో ‘ఈ’ అయింది. వాదనలు ఇంగ్లీషులో జరగాలని 1362లో చట్టం చేశారు. తమాషా ఏమిటంటే ఆ చట్టాన్ని రాసింది ఫ్రెంచిలో. మన జీవోల సంగతి తెలిసినవారికి ఇది వింతగా ఉండదు.

మేడమ్ చెప్పిన డోమ్ గురించి ఒక మాట. ఆ విలియమే 1086లో ఎవరి కింద ఎంత భూమి ఉంది, ఎన్ని నాగళ్లు, ఎన్ని పశువులు అని దేశమంతా లెక్క రాయించాడు. దాన్ని జనం డూమ్స్‌డే బుక్ అన్నారు. తుది తీర్పు మీద అప్పీలు లేనట్టే ఈ లెక్క మీదా లేదని. మా అడంగళ్లకు ఆ పేరు పెడితే రైతులు ఊరుకోరు, అప్పీలు లేకపోతే మా బల్ల దగ్గర సగం జనం ఉండరు.

మెరిట్ లిస్ట్ (కనిగిరి)

సార్, మరి ‘అటెండీ’? సభకు వచ్చినవాడు వచ్చేవాడే కదా, రాబడినవాడు కాదు. ‘ఎస్కేపీ’ కూడా, పారిపోయినవాడు.

దస్తావేజు (కందుకూరు)

మంచి పట్టు పట్టారు. కోర్టు దాటి వీధిలోకి వచ్చాక ఆ తోక కట్టుబాటు తప్పింది. దస్తావేజులో మాత్రం ఇంకా తప్పలేదు, తప్పితే కేసు పడుతుంది.

గెలాక్సీ (చీమకుర్తి)

రాయి గురించి ఎవరూ ఎత్తలేదేం? ఖనిజాలకు, రాళ్లకు చివర ‘ఐట్’ వస్తుంది: డోలరైట్, క్వార్ట్‌జైట్, గూడూరు అభ్రకంలోని మస్కొవైట్. గ్రీకులో ‘ఫలానా దానికి చెందిన’ అనే ప్రత్యయం అది, పైన చెప్పిన ఐటిస్‌కు తోడబుట్టిందే. కానీ మా ఊరికి అన్నం పెట్టే గ్రానైట్‌లో మాత్రం ఆ ఐట్ లేదు. అది ఇటాలియన్ గ్రానితో, అంటే గింజలు గింజలుగా ఉన్నది. ఇంకో ముచ్చట. మా నల్ల గెలాక్సీ రాయి భూగర్భ శాస్త్రవేత్తల లెక్కలో గ్రానైటే కాదు, గాబ్రో జాతిది. అందులో మెరిసే బంగారు చుక్కలు బ్రాంజైట్. ఆ ఐట్ మాత్రం అసలుదే. లారీ బిల్లు మీద గ్రానైట్ అనే రాస్తాం, లేకపోతే కొనేవాడికి అర్థం కాదు.

బిట్రగుంట జంక్షన్

ఊళ్ల పేర్లు కూడా తోకలే కదా. మాంచెస్టర్, వించెస్టర్, లాంకస్టర్ చివర ఉన్నది లాటిన్ కాస్త్రా, రోమన్ సైన్యం విడిది. మన పాలెం కూడా అంతే, మొదట దండు దిగిన చోటు, తర్వాత ఏ పల్లె అయినా పాలెమే. బుచ్చిరెడ్డిపాలెం వాళ్లు మాంచెస్టర్ వాళ్లతో వియ్యం అందుకోవచ్చు. ‘టన్’ అంటే మొదట కంచె వేసిన చోటు, ఇప్పటి టౌన్ అదే. అలా చూస్తే నెల్లూరు, కోవూరు, ఆత్మకూరులోని ఊరికి జోడీ అది.

మా తమ్ముడు ఇంజినీరింగు, నెలకో హ్యాకథాన్ అంటాడు. ఆ ‘అథాన్’ ఎక్కడిదంటే మారథాన్ నుంచి కోసి తెచ్చింది. మారథాన్ గ్రీసులో ఒక ఊరు. బర్గర్ కూడా అంతే, హాంబర్గర్ అంటే హాంబర్గ్ ఊరిది. దాన్ని తప్పుగా విరిచి చీజ్‌బర్గర్, వెజ్‌బర్గర్ చేశారు. ఊరి పేరు చివర కోసి తిండికి తగిలించడం మనకు రాదు. వస్తే ఈపాటికి ‘ఉలవపాడు’ మామిడి పేరు విరిచి ఎన్ని ‘పాడు’లు అమ్మేవాళ్లమో.

మెరిట్ లిస్ట్ (కనిగిరి)

నా పట్టిక నేను వదలను. అయితే పెద్దలు ఇంత చెప్పాక ఒకటి అడుగుతాను, ఇది నిజంగా మార్కులు పోయే చోటు. ‘చేయదగిన’ అనే అర్థంలో ఏబుల్ ఒకచోట ఎ అక్షరంతో, ఒకచోట ఐ అక్షరంతో రాయాలి. రీడబుల్‌కు ఎ, విజిబుల్‌కు ఐ. దీనికి సూత్రం ఏమైనా ఉందా, లేక కంఠస్థమేనా?

పెన్నా గట్టు (నెల్లూరు)

పుట్టుకే సూత్రం బాబూ. రెండూ లాటిన్‌వే. లాటిన్ క్రియల్లో ఒక తెగకు ‘అబిలిస్’, మిగతావాటికి ‘ఇబిలిస్’ వచ్చేది. ఇబిలిస్‌వి లాటిన్ నుంచి దాదాపు తయారుగానే దిగాయి, ఆ గుంపు పెద్దగా పెరగదు. అబిలిస్ నుంచి వచ్చినది మాత్రం ఇంగ్లీషులో స్థిరపడి ఇంటి మాటలకూ అతకడం మొదలుపెట్టింది. రీడబుల్, వాషబుల్, నిన్నగాక మొన్న పుట్టిన డౌన్‌లోడబుల్. కాబట్టి తోక తీసేస్తే మామూలు ఇంగ్లీషు మాట మిగిలితే చాలాసార్లు ఎ. విజిబుల్, ఎడిబుల్, టెరిబుల్‌లో తోక తీస్తే మిగిలేది మాటే కాదు, అక్కడ ఐ. తోకకు ముందు స అనే ధ్వని ఉంటే జాగ్రత్త: రెస్పాన్సిబుల్, రివర్సిబుల్, యాక్సెసిబుల్, అన్నీ ఐ. మాట మిగిలినా ఇలా ఐ రావచ్చు. ఇక ఎ–ఐ ఎలా ఉన్నా, ‘సమర్థుడు’ అనే ఏబుల్ నుంచి ఈ తోక రాలేదు. ఆ మాట లాటిన్ హాబిలిస్. ఇది కూడా మీ ఓడ లాంటిదే.

మందుల షాపు (ట్రంకు రోడ్డు, నెల్లూరు)

మేడమ్ రాసింది చదివి అలమర వైపు చూశాను. పిల్లల మాత్రలు రెండు రకాలు పక్కపక్కనే ఉన్నాయి. నమిలి మింగేది చ్యూవబుల్, నీళ్లలో వేస్తే కరిగిపోయేది డిస్పర్సిబుల్. మొదటిదాని మీద ఎ, రెండోదాని మీద ఐ. నమలడం ఇంటి మాట, డిస్పర్స్ లాటిన్, దాని చివర స. రెండు అట్టలనూ ఫొటో తీసి కింద పెట్టాను, మాస్టారు క్లాసులో చూపించుకోవచ్చు.